ఫైబర్ కళ్ళానికి సరే, శ్లాబులో ఇనుముకు బదులు కాదు



ఫిబ్రవరిలో ఇక్కడే ఒక ఫోటో పెట్టాను, గుర్తుందా? మా కొత్త కళ్ళం మీద ఎర్రగా ఆరబోసిన మిరపకాయల ఫోటో. కింద ఒక్క ముక్క రాశాను, "ఫైబర్ ప్యాకెట్లు కలిపి పోయించాం, ఒక్క నెర్రె లేదు, మీరూ వేయించుకోండి" అని. చాలామంది షేర్ చేశారు, నాకూ సంతోషం వేసింది. ఆ ముక్క సగమే నిజం. మిగతా సగం రాయకపోవడం వల్ల ఒక ఇంటి శ్లాబు దాకా వచ్చింది వ్యవహారం. అందుకే ఈ పెద్ద పోస్టు. కాస్త ఓపికగా చివరిదాకా చదవండి.

పోయిన వారం చందర్లపాడు వైపు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "బాబాయ్ గారూ, మీ కళ్ళం ఫోటో చూశాం. మేమూ ఇల్లు కడుతున్నాం, సోమవారం శ్లాబు. ఫైబర్ వేస్తున్నాం కదా అని మేస్త్రి ఇనుము కొంచెం తగ్గించాడు. రెండున్నర క్వింటాళ్ళు మిగిలింది. ఒక్కో కట్టకి ఒక ప్యాకెట్ చాలా, రెండు వేయాలా?" అని అడిగాడు.

నాకు నోట మాట రాలేదు. ఇనుము తగ్గించమని నేనెక్కడా రాయలేదు. తగ్గించొద్దనీ రాయలేదు కదా. ఆ మేస్త్రికి దుకాణంలో ఎవరో చెప్పారట, దానికి నా ఫోటో సాక్ష్యం అయింది.

ముందు మా కళ్ళం సంగతి మొత్తం చెప్తాను.

మా పాత కళ్ళం ఏడేళ్ళ కింద పోయించాం. మే నెల, పదకొండు గంటల ఎండలో మొదలుపెట్టి మూడింటికి ముగించాం. కింద నల్లరేగడి, దానిమీద నాలుగు తట్టల కంకర చల్లి అదే బేసనుకున్నాం. కాంక్రీటు జారుగా ఉంటే పని తొందరగా అవుతుందని మిల్లర్లో బకెట్ల కొద్దీ నీళ్ళు పోశారు. మూడు రోజులు తడిపి పత్తి పనుల్లో పడిపోయాం. పోసిన రోజు సాయంత్రానికే సాలెగూడులాగా సన్న నెర్రెలు. "పైపైనే, ఏం కాదు" అన్నాడు మేస్త్రి. మరుసటేడు ఎండలకి రేగడి కుంగింది, వానకి ఉబ్బింది, నెర్రెల్లో చిటికెన వేలు దూరింది. ఒక మార్చి రాత్రి అకాల వాన పడింది. పట్టాలు కప్పాం, కానీ నెర్రెల్లోంచి చెమ్మ కింది వరస కాయకి ఎక్కింది. కాయ మచ్చ పడింది. క్వింటాకి రెండు వేలు తగ్గించి అడిగారు. సిమెంటు దగ్గర మిగిల్చిన డబ్బు ఒక్క రాత్రిలో పోయింది.

జయంతిపురంలో, ముక్త్యాలలో సిమెంటు ఫ్యాక్టరీలు మన పక్కనే ఉన్నాయి. ఆ లారీలు రోజూ మన ముందునుంచే పోతాయి. అయినా ఆ సిమెంటుతో పని ఎలా చేయించుకోవాలో మనకి తెలీదు. నాకైతే తెలీదు.

ఈసారి కొత్త కళ్ళం పోసేముందు మా మేనల్లుణ్ణి కూర్చోబెట్టి అడిగాను. వాడు విజయవాడ దగ్గర సూరంపల్లిలో ఉన్న సీపెట్‌లో ప్లాస్టిక్ డిప్లొమా చదివాడు. ఇంట్లో జంతికలు చేస్తుంటే వాడు గొట్టం చూపించి చెప్పాడు.

"మావయ్యా, ఫైబర్ తయారీ ఇదే. ప్లాస్టిక్ గింజలు వేడి గొట్టంలో వేస్తారు. లోపల ఇత్తు తిరుగుతూ వాటిని కరిగించి ముందుకు నెడుతుంది. చివర ఏ బిళ్ళ పెడితే ఆ ఆకారం బయటికొస్తుంది. గుండ్రటి సందు ఉన్న బిళ్ళ పెడితే మీ డ్రిప్పు పైపు. పల్చటి పొరగా తీసి, రిబ్బన్లుగా చీల్చి, లాగి నేస్తే మీ యూరియా బస్తా. సూదిమొన లాంటి బెజ్జాల బిళ్ళ పెడితే ఈ పోగులు."

బయటికొచ్చిన పోగును అలాగే వదలరు, దాని పొడవుకు కొన్ని రెట్లు లాగుతారు. ఒక ప్లాస్టిక్ కవరు ముక్కను చేత్తో లాగి చూడండి. మొదట సాగుతుంది, తర్వాత బిగుసుకుని వేలు కోసుకుపోయేంత గట్టిపడుతుంది. అదే పని మిషన్ మీద చేస్తారు. తర్వాత 12 మిల్లీమీటర్ల ముక్కలుగా నరికి, తడిలో విడివిడిగా కలిసేలా పైన పూత వేసి ప్యాకెట్లు కడతారు. ఎక్కువగా వాడేది పాలీప్రొపిలీన్. తుప్పు పట్టదు, నీళ్ళు పీల్చదు, సిమెంటులోని సున్నపు గుణానికి కరగదు. మన తల వెంట్రుక కంటే సన్నం. 125 గ్రాముల ప్యాకెట్టు ఒకటి 50 కిలోల కట్టకి. చూడటానికి దూదిపింజె లాగా ఉంటుంది కానీ లోపల పోగులు లక్షల్లో ఉంటాయి.

ఇవి చేసే పని ఏంటంటే, పచ్చి కాంక్రీటును పట్టుకోవడం. పోసిన మొదటి కొన్ని గంటల్లో ఎండకి, గాలికి పైనున్న నీళ్ళు ఎగిరిపోతాయి. కింది నుంచి అంత తొందరగా పైకి రావు. పైపొర ముడుచుకుంటుంది, అప్పటికి దానికి బలం ఉండదు, చిరుగుతుంది. నీళ్ళు తీసేసిన వరిమడి బీటలు వారినట్టే. అప్పుడు ఈ పోగులు అడుగడుగునా అడ్డం పడి చిరగనివ్వవు. మన తాతలు మట్టిగోడకి వరిగడ్డి తరిగి ఎందుకు తొక్కించారు? ఇందుకే. గడ్డి వేయని గోడ ఆరేటప్పుడే పగులుతుంది. అలాగని ఆ గడ్డిని నమ్మి ఎవరైనా దూలం తీసేశారా?

ఇప్పుడు నేను రాయకుండా వదిలేసిన సగం.

కొత్త కళ్ళానికి నేను ఫైబర్ ఒక్కటే మార్చలేదు. ఆరు మార్చాను.

ఒకటి, రేగడి పైపొర తీయించి అడుగు మందాన గ్రావెల్ పోయించి, తడిపి, రోలర్ తోలించాం.

రెండు, సంక్రాంతి తర్వాత చల్లటి రోజుల్లో, తెల్లవారుజామున మొదలుపెట్టి రెండు పొద్దుల్లో పోశాం.

మూడు, నీళ్ళు కొలిచి పోశాం. ఐఎస్ 456 అనే మన దేశపు కాంక్రీటు నిబంధనల్లో, ఎం20 పాళ్ళకి 50 కిలోల కట్టకి నీళ్ళు 30 లీటర్లు దాటొద్దని ఉంది. ఇసుకలో ఉన్న తడి కూడా అందులో లెక్కే.

నాలుగు, 40 అడుగులు 30 అడుగుల కళ్ళాన్ని పదేసి అడుగుల గళ్ళుగా విడదీసి, గీతల దగ్గర అంగుళం లోతు కోయించాం. మందం నాలుగు అంగుళాలు. కాంక్రీటు ఎలాగూ ముడుచుకుంటుంది. ఎక్కడ పగలాలో మనం ముందే గీత గీసి చూపిస్తే అక్కడే పగులుతుంది.

అయిదు, గోనెపట్టాలు పరిచి 14 రోజులు తడిపాం. మామూలు సిమెంటుకి ఏడు రోజులు, మనం వాడే పీపీసీ లాంటి వాటికి పది రోజులు కనీసం అంటుంది అదే నిబంధన. పద్నాలుగైతే ఇంకా మంచిది.

ఆరు, ఫైబర్. 90 కట్టలకి 90 ప్యాకెట్లు, అంటే పదకొండు కిలోల చిల్లర.

ఆరు పనులు చేసి, పేరు మాత్రం ఆరోదానికి ఇచ్చాను. ప్యాకెట్టు కొత్తది కదా, ఫోటోలో బాగుంటుంది. గోనెపట్టా తడపడం ఏం గొప్ప?

మరి ఫైబర్ ఏమీ చేయలేదా అంటే, చేసింది. చివరి గడి పోసేటప్పటికి ప్యాకెట్లు అయిపోయాయి. రెండో రోజు కొన్ని కట్టలకి కూలీలు రెండేసి వేసేశారు. ఆ గడి ఫైబర్ లేకుండానే పోశాం, మిగతా జాగ్రత్తలన్నీ ఒకటే. ఇప్పుడు ఆ గడిలో ఒక అంచున మూడు సన్న గీతలున్నాయి, నీళ్ళు చల్లితే కనబడతాయి. మిగతా పదకొండు గళ్ళల్లో లేవు. మా కళ్ళంలో ఫైబర్ వల్ల కనబడిన తేడా ఆ మూడు గీతలే. ఉపయోగమే, కాదనను. పాత కళ్ళం పాడైంది మాత్రం ఆ గీతల వల్ల కాదు. కింద రేగడి, ఎక్కువ నీళ్ళు, తక్కువ తడపడం. ఆ మూడింటికీ ఏ ప్యాకెట్టూ మందు కాదు.

ఇక శ్లాబు సంగతి. కళ్ళం నేలమీద పడుకుని ఉంటుంది. శ్లాబు గాలిలో, గోడల మీద ఉంటుంది. పచ్చి వెదురు బద్దను రెండు రాళ్ళమీద పెట్టి మధ్యలో కూర్చోండి. కింది వైపు సాగి చీలుతుంది. శ్లాబుకీ అంతే, నడుమ కింది వైపు సాగుతుంది. కాంక్రీటు నొక్కుడుకి ఎంత గట్టిదో లాగుడుకి అంత నాసి, సుమారు పదో వంతు. ఆ లాగుడు మోసేది కింది వరస ఊచలు. ప్యాకెట్టులో వచ్చే సన్నపోగు ఆ పని చేయలేదు. ఉక్కు ఎంత సాగకుండా నిలబడుతుందో అందులో ఈ ప్లాస్టిక్ నలభయ్యో వంతు కూడా కష్టం. పైగా పోగులు అన్ని దిక్కులా చెల్లాచెదురుగా ఉంటాయి, ఊచ ఎక్కడ కావాలో అక్కడే ఉంటుంది.

"ఫ్యాక్టరీ గచ్చులకి ఇనుప మెష్ బదులు ఫైబరే వేస్తున్నారట కదా" అని ఒకాయన అడిగాడు. నిజమే. అవి వేరే జాతి. అగ్గిపుల్ల పొడవుండే లావు పోగులు, మన ప్యాకెట్టుకి మూడు నాలుగు రెట్లు, ఇంకా ఎక్కువ మోతాదు, ఇంజనీరు లెక్క కట్టి వేసేవి. అవి కూడా నేలమీది గచ్చులకి, రోడ్లకి, సొరంగాల గోడలకి. మన ఇంటి శ్లాబులో ఇనుము మానేయడానికి కాదు.

ఇంకొందరు "పాత యూరియా బస్తాలు కత్తిరించి వేస్తే పోలా, అదీ ఆ ప్లాస్టిక్కే కదా" అన్నారు. జాతి ఒకటే, పని ఒకటి కాదు. ఆ పట్టీలు వెడల్పు, నునుపు. సిమెంటు వాటిని పట్టుకోదు, మిల్లర్లో ఉండలు కడతాయి. ఏడాది ఎండలో ఉన్న బస్తా చేత్తో నలిపితే పొడి రాలుతుంది. దాని బలం ఎండే తినేసింది. వద్దు.

ఆ కుర్రాడి ఫోన్ పెట్టేశాక నాకు అన్నం సయించలేదు. ఆదివారం పొద్దున్నే బండి మీద వాళ్ళ ఊరు వెళ్ళాను. సెంట్రింగ్ అయిపోయింది, ఊచలు కట్టేశారు. డ్రాయింగులో అయిదు అంగుళాలకో ఊచ అని ఉంది. కట్టింది ఎనిమిది అంగుళాలకి. వాళ్ళమ్మ కాఫీ ఇచ్చి, "ఫోటోలో ఉన్న కళ్ళం మీదేనా అన్నయ్య గారూ" అని అడిగింది. ఆ మాటకి తలెత్తి చూడలేకపోయాను.

మేస్త్రి ఒప్పుకోలేదు. "మీరే కదా సార్ పెట్టింది" అన్నాడు. "నేను పెట్టింది కళ్ళం, దానికింద గ్రావెల్ ఉంది. నీ శ్లాబు కింద మంచం ఉంటుంది, దానిమీద పిల్లలు పడుకుంటారు" అన్నాను. ఆఖరికి డ్రాయింగు గీసిన ఇంజనీరుకి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాం. ఆయన ఒక్కటే మాట అన్నాడు, "ఫైబర్ వేసుకుంటే వేసుకోండి, ఊచ మాత్రం ఒక్కటి కూడా తగ్గించొద్దు." సోమవారం శ్లాబు గురువారానికి వాయిదా పడింది. కూలీల అడ్వాన్సు కొంత పోయింది. అందులో సగం నేనిస్తానంటే ఆ కుర్రాడు తీసుకోలేదు. గురువారం మిగిలిన ఇనుమంతా లోపలికి వెళ్ళాకే మిల్లర్ తిరిగింది. నేను అక్కడే కూర్చుని నీళ్ళ బకెట్లు లెక్కపెట్టాను. ఫైబర్ వేస్తే కాంక్రీటు కొంచెం బిర్రుగా కనబడుతుంది, వెంటనే మనవాళ్ళ చేయి నీళ్ళ బకెట్టు మీదికి పోతుంది. అది ఆపాలి. లేకపోతే ప్యాకెట్టు ఇచ్చిన లాభం బకెట్టు పట్టుకుపోతుంది.

ఇంకో సంగతి కూడా దాచను. కొత్త కళ్ళం మీద వంగి చూస్తే అక్కడక్కడ పోగులు వెంట్రుకల్లా పైకి లేచి ఉన్నాయి. తొక్కిడికి అరిగిపోతాయి అన్నారు. తినే కాయ కదా, నాకు మనసొప్పక ఈ కాపు మొత్తం పట్టా పరిచే ఆరబెట్టాను. మీరూ మొదటి ఏడాది అలాగే చేయండి, గట్టి చీపురుతో నాలుగైదు సార్లు ఊడ్చండి.

కాబట్టి ఫిబ్రవరి పోస్టులో నా మాటను ఇలా దిద్దుకోండి. కళ్ళానికి, పశువుల కొట్టం గచ్చుకి, వాకిలికి ఫైబర్ మంచిదే. ముందు గట్టి నేల, కొలత నీళ్ళు, గళ్ళు, పద్నాలుగు రోజుల తడి, వీటి తర్వాత ఫైబర్. శ్లాబు, దూలం, స్తంభం దగ్గర ఇంజనీరు రాసిన ఇనుము రాసినట్టే ఉండాలి.

పాత పోస్టు తీసేయలేదు. దానికిందే ఈ పోస్టు లింకు పెట్టాను. అప్పుడు షేర్ చేసినవాళ్ళు దయచేసి దీన్నీ షేర్ చేయండి. మీ ఊళ్ళో ఎవరి శ్లాబన్నా ఈ వారం ఉంటే, ఒకసారి వెళ్ళి టేపు పెట్టి ఊచల మధ్య దూరం కొలవండి. డ్రాయింగుతో సరిపోకపోతే పని ఆపించండి. మేస్త్రికి కోపం వచ్చినా పర్లేదు.

ఇట్లు,
మీ కీసర రైతు