గుంటుపల్లి గుహకు ఏ లెన్సు?

పాత స్టాండు కెమెరాకి లెన్సు వెతికేవాళ్లు మామూలుగా రెండు ప్రశ్నలతో మొదలుపెడతారు. ఏ కంపెనీది? ఎంత వెలుగు లాగుతుంది? కామవరపుకోటలో ఒక పాత స్టూడియో మాస్టారి దగ్గర కూర్చుని, ఆయనతో కలిసి గుంటుపల్లి కొండెక్కి వచ్చాక, ఆ రెండూ చివర్లో అడగాల్సినవని నాకు గట్టిగా అనిపించింది. ముందు తేల్చుకోవాల్సింది ఈ లెన్సు ఎంత వెడల్పున వెలుగు పరుస్తుందన్నది. ఆ తర్వాత, మనం వెళ్లే చోటికి అంత వెడల్పు సరిపోతుందా అన్నది.

బజారులో ఆ దుకాణం ముందు గదిలో ఇప్పుడు జిరాక్సు మిషను, పాస్‌పోర్టు ఫొటోల ప్రింటరు ఉన్నాయి. వాటి సంగతి కొడుకు చూసుకుంటాడు. వెనక గది మాస్టారిది. పెళ్లిళ్లకీ, హైస్కూలు గ్రూపు ఫొటోలకీ మెట్ట ఊళ్లన్నీ తిరిగిన హాఫ్ ప్లేట్ కెమెరా ఇప్పటికీ అక్కడ మూడు కాళ్ల మీద నిలబడి ఉంది. వాగీశ్వరి కెమెరా. కేరళలోని అలెప్పీలో, సంగీత వాయిద్యాలు చేసే ఇంట్లో పుట్టిన కె. కరుణాకరన్ 1940ల్లో వీటి తయారీకి దిగాడు. స్టూడియో నడిపే ఒకాయన చిరిగిన బెలోస్ బాగుచేయమని తెచ్చివ్వడంతో అంతా మొదలైందని చెబుతారు. హార్మోనియం తిత్తులు తెలిసిన చేతులకి అది కొత్త పని కాదు. తొలి రోజుల్లో దీని ధర 250 రూపాయలు. విదేశీ కెమెరా కొనే స్తోమత లేని స్టూడియోలు ఎన్నో ఈ టేకు పెట్టెతోనే దశాబ్దాల పాటు బతికాయి. అయితే పెట్టె మన దగ్గర తయారైంది గానీ గాజు కాలేదు. మంచి లెన్సు కావాలంటే జర్మనీ సరుకో ఇంగ్లండు సరుకో దొరకాలి. మాస్టారు తన లెన్సుల్లో చాలావాటిని మద్రాసు మూర్ మార్కెట్‌లో ఏరుకొచ్చారట. 1985లో ఆ మార్కెట్ తగలబడిపోయాక ఆ దారి మూసుకుపోయింది.

లెన్సుల బీరువాలో పదిహేను వాట్ల బల్బు ఒకటి వెలుగుతూ ఉంది. ఆ వెచ్చదనానికి చెమ్మ చేరదు. "మనది మెట్ట కాబట్టి కొంత నయం. కైకలూరు, ఆకివీడు వైపు చూడండి, కొల్లేటి గాలికి రెండు వానాకాలాలు దాటేసరికి గాజు మీద బూజు అల్లుకుపోద్ది," అన్నారాయన. బూజు పైపైన ఉంటే తుడిస్తే పోతుంది. అది గాజు పూతని తినేసిందంటే ఇక చేసేదేమీ లేదు.

హాఫ్ ప్లేట్ అంటే 4¾ అంగుళాలు ఇటు, 6½ అంగుళాలు అటు. మూల నుంచి మూలకి కొలిస్తే ఎనిమిది అంగుళాల పైచిలుకు, 204 మిల్లీమీటర్లు. ఈ కొలతే అన్నిటికీ ఆధారం. లెన్సు ఫోకల్ లెంగ్త్ దానికి దగ్గరగా ఉంటే బొమ్మ కంటికి సహజంగా కనిపిస్తుంది. లెన్సు వెనక పడే వెలుగు వలయం అడ్డకొలత కనీసం అంత ఉంటేనే నాలుగు మూలలూ నిండుతాయి. కెమెరా ముందు పలకను పైకి జరిపి గోపురం కొసో కొండ కొసో అందుకోవాలంటే వలయం అంతకంటే పెద్దది కావాలి. మామూలు కెమెరాలో ఈ బాధ లేదు. అక్కడ లెన్సు, ఫిలిం ఒకదాని ఎదురుగా ఒకటి కదలకుండా ఉంటాయి.

నేను తీసుకెళ్లిన లెన్సు ఈ పరీక్షలోనే తప్పిపోయింది. ష్నైడర్ వాళ్ల 90 మిల్లీమీటర్ల ఆంగ్యులాన్. అందమైన చిన్న లెన్సు. పెద్ద కెమెరాలకు బాగుంటుందని చెప్పి ఒకరు అమ్మారు. 4×5 అంగుళాల ఫిలింకి అయితే ఆ మాట నిజమే. ఎపర్చర్‌ని కుదించి బాగా స్టాప్ డౌన్ చేసినా దాని వలయం 154 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. మాస్టారు దాన్ని బోర్డుకి బిగించి నల్లగుడ్డ నా తల మీద కప్పారు. వెనక బొమ్మ పడే గరుకు గాజు (గ్రౌండ్ గ్లాస్) మీద నడుమన వీధి తలకిందులుగా చక్కగా కనిపిస్తోంది, మూలల్లో మాత్రం చీకటి. గ్రౌండ్ గ్లాస్ మూలలు కొద్దిగా కత్తిరించి ఉంటాయి. ఆ సందులోంచి లెన్సు కేసి చూడమన్నారు. ఎపర్చర్ రంధ్రం నిండుగా, గుండ్రంగా కనిపిస్తే ఆ మూలకి వెలుగు అందుతున్నట్టు. నిమ్మకాయలా సన్నబడితే సగమే అందుతున్నట్టు. నాకు అసలేమీ కనిపించలేదు.

ఆ తర్వాత బల్ల మీదికి ఆయన లెన్సులు వచ్చాయి. ముందుగా ఎనిమిదిన్నర అంగుళాల ఇత్తడి రాపిడ్ రెక్టిలినియర్. 1866లో ఇంగ్లండులో డాల్‌మేయర్, జర్మనీలో స్టైన్‌హైల్ దాదాపు ఒకేసారి ఈ రకాన్ని తెచ్చారు. అంతకుముందు ప్రకృతి దృశ్యాలకు వాడే ఒంటి లెన్సుల్లో అంచున ఉన్న స్తంభం విల్లులా వంగి కనిపించేది. ఈ రకంలో ముందొక జత, వెనకొక జత ఎదురెదురుగా అమర్చడంతో ఒకటి వంచిన గీతను రెండోది సరిచేస్తుంది. 1858లో లిన్నియస్ ట్రైప్ మద్రాసు మ్యూజియంలో అమరావతి శిల్పాలను ఫొటోలు తీసేనాటికి ఈ సదుపాయం లేదు. ఆ తరం వాళ్లు అంత నిక్కచ్చిగా రాతిని ఎలా పట్టుకున్నారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

ఆ ఇత్తడి గొట్టం మీద 4, 8, 16, 32, 64 అని అంకెలున్నాయి. కొత్తవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. అవి ఇవాళ్టి ఎఫ్ నంబర్లు కావు, పాత యూనిఫాం సిస్టం అంకెలు. అందులో 4 అంటే ఎఫ్/8, 64 అంటే ఎఫ్/32. రెండు పద్ధతుల్లోనూ ఒకటే అయ్యేది 16 ఒక్కటే. గొట్టం మీది 64ని ఎఫ్/64 అనుకుని టైము లెక్కేస్తే నెగటివ్‌కి కావలసిన దానికి నాలుగింతల వెలుగు పడుతుంది.

రెండోది 210 మిల్లీమీటర్ల టెస్సార్. 1902లో జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ గీసిన డిజైను. నాలుగు గాజులే అయినా కత్తిలాంటి పదును. మనుషుల ఫొటోలకి, గ్రూపులకి మాస్టారు జీవితమంతా వాడింది ఇదే. దీని వలయం హాఫ్ ప్లేట్‌ని కప్పి కాస్త మిగులుతుంది. మూడోది విజయవాడలో ఒక ప్రెస్సు మూసేసినప్పుడు వచ్చిన 300 మిల్లీమీటర్ల అపో రోనార్, ఎఫ్/9. అచ్చు పనికి చేసిన లెన్సు, వంక పెట్టలేం. దూరంగా ఉన్నదాన్ని ఫోకస్ చేయడానికే బెలోస్ 300 మిల్లీమీటర్లు సాగాలి. వస్తువును దాని అసలు సైజులో తీయాలంటే 600 కావాలి, అప్పుడు ఎక్స్‌పోజరూ నాలుగింతలవుతుంది. ఈ కెమెరా అంత సాగదు. మేజిక్ లాంతరులోంచి తీసిన పెట్జ్‌వాల్ ఒకటుంది గానీ దాని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. దాని వలయం చిన్నది, ఎపర్చరే లేదు.

చివరగా ఒక గుడ్డ మూటలోంచి ఆరున్నర అంగుళాల డాగర్ బయటికి తీశారు. గోర్జ్ కంపెనీకి ఎమిల్ ఫాన్ హోగ్ 1892 ప్రాంతంలో రూపొందించిన రకం, ఎఫ్/6.8. పేరు చెరిగిపోయినా దీన్ని గుర్తుపట్టే పద్ధతి ఉంది. ట్యూబులైటు కింద ఒక సగాన్ని పట్టుకుని అటూ ఇటూ వంచితే గాజులో రెండు మెరిసే ప్రతిబింబాలు, రెండు మసక ప్రతిబింబాలు కనిపిస్తాయి. మెరిసేవి గాలి తగిలే ముఖాలవి. మసకవి లోపల బాల్సంతో అతికిన చోట్లవి. అంటే మూడు గాజులు ఒకటిగా అతికి ఉన్నాయన్నమాట. రాపిడ్ రెక్టిలినియర్‌లో అయితే మసకది ఒకటే ఉంటుంది. ఈ డాగర్ షట్టర్ ఎప్పుడో చచ్చిపోయింది. ముందు గాజు మీద సన్నటి గీతలు కూడా ఉన్నాయి. కానీ బాగా స్టాప్ డౌన్ చేస్తే వలయం 300 మిల్లీమీటర్లు దాటుతుంది. "ఇవాళ కొండకి ఇదే వస్తది," అన్నారు మాస్టారు.

జీలకర్రగూడెం కామవరపుకోటకి సుమారు పది కిలోమీటర్లు. జీడిమామిడి, పామాయిల్ తోటల నడుమ దారి. గుంటుపల్లి బౌద్ధ గుహలుగా ప్రసిద్ధమైన కొండ ఆ ఊళ్లోనే ఉంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట స్టాండు వేయాలంటే అనుమతి ఉండాలి. అది ముందే తెచ్చుకున్నాం.

ఇక్కడి గుండ్రటి చైత్యగృహం క్రీస్తు పూర్వపు పని. ఇసుకరాతి కొండను తొలిచి, పద్దెనిమిది అడుగుల వ్యాసం గల గది చేసి, నడుమ స్తూపాన్ని అదే రాతిలో వదిలారు. పైకప్పు గొడుగులా వంగి, కర్ర వాసాల్లాంటి రాతి వాసాలతో ఉంటుంది. ముఖద్వారం మీద లాడం ఆకారపు తోరణం, దాని కింద కర్ర దూలాల కొసలు పొడుచుకొచ్చినట్టు చెక్కిన రాళ్లు. బీహారులోని లోమశ ఋషి గుహ ముఖద్వారం దీనికి దగ్గరి బంధువు. ఒకనాటి పూరిళ్లూ చెక్క మండపాలూ ఎలా ఉండేవో మనకి చెప్పే సాక్ష్యాలు ఇలాంటివి కొన్నే మిగిలాయి. స్థానికులు ఆ స్తూపాన్ని ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. పూజ అందుకునే రాయి కాబట్టి చెప్పులు బయట విడిచి, స్టాండు కాళ్లకు గుడ్డ చుట్టాం.

ముందు ముఖద్వారం. ఎదురుగా వెనక్కి జరగడానికి చోటు తక్కువ. టెస్సార్‌తో తోరణం కొస తెగిపోయింది. కెమెరాని పైకెత్తితే ద్వారం నిలువు అంచులు పైన దగ్గరపడి, రాయి వెనక్కి వాలినట్టు కనిపిస్తోంది. చెక్కినవాడు నిటారుగా చెక్కినదాన్ని మనం వాల్చకూడదు. డాగర్ బిగించి, కెమెరాని నీటిమట్టంతో సమంగా పెట్టి, ముందు పలకని మాత్రం పైకి జరిపాం. తోరణం మొత్తం గ్రౌండ్ గ్లాస్‌లోకి దిగింది. అంచులు నిటారుగానే ఉన్నాయి, మూలల్లో చీకటి లేదు. వలయంలో మిగులు ఉండటం వల్ల కలిగిన లాభం ఇదే. ఎఫ్/32 పెట్టి, మూత తీసి, అర సెకను లెక్కపెట్టి మూసేశారు. షట్టర్ లేదన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

లోపల లెక్క మారిపోయింది. గుమ్మంలో నిలబడితే స్తూపం దాదాపు మీదికొచ్చేస్తుంది. వాసాలన్నీ పట్టాలంటే డాగర్ చాలదు, ఇంకా వెడల్పుగా చూసే లెన్సు కావాలి. అయితే పలక పైకి జరపాల్సిన పని ఇక్కడ లేదు. గొడుగు కప్పులో నిలువు గీతలు ఎక్కడున్నాయి? కెమెరాని నేరుగా పైకెత్తినా వాలిపోయేదేమీ లేదు. కాబట్టి వలయం ప్లేటుని కప్పితే చాలు, మిగలక్కర్లేదు. ఒకే గుహకి బయట ఒక లెన్సు, లోపల పూర్తిగా వేరే లెక్క అని నాకు అప్పుడు తెలిసింది. ఆ పూట ఉన్నదానితోనే సగం కప్పు, స్తూపం పైభాగం తీశాం. మీటరు రెండు నిమిషాలు చూపింది. తక్కువ వెలుగులో ఫిలిం మందగిస్తుంది కాబట్టి మాస్టారు మూతని ఆరు నిమిషాలు తీసి ఉంచారు.

ఫిలిం అంటే ఎక్స్‌రే ఫిలిం. గాజు ప్లేట్లు ఇప్పుడు దుకాణాల్లో దొరకవు. 8×10 అంగుళాల ఎక్స్‌రే షీటుని ఎర్ర బల్బు కింద కోస్తే రెండు హాఫ్ ప్లేట్లు వస్తాయి. రెండు వైపులా మందు పూత ఉండటం వల్ల గోరు తగిలినా గీత పడుతుంది. ఎరుపు రంగు దానికి కనిపించదు. ఆ సాయంత్రం నెగటివ్‌లు కడిగి చూస్తే ఎర్రటి ఛాయ ఉన్న రాయి మన కంటికి కనిపించేదానికంటే ముదురుగా పడింది. దానివల్ల దూలాల కొసల కింద నీడలు బాగా లోతెక్కాయి. చెక్కడపు పనికి అది మేలే చేసిందని నా అభిప్రాయం. లోపలి కప్పుకి మాత్రం వెలుగు ఇంకాస్త కావాలి, పది నిమిషాలైనా ఇవ్వాలి.

మాస్టారు ఇప్పుడు వెతుకుతున్నది 120 మిల్లీమీటర్ల ఆంగ్యులాన్. నా 90కి అన్నలాంటిది. 5×7 ప్లేటుకని చేసింది కాబట్టి హాఫ్ ప్లేట్‌ని కప్పుతుంది, పలక జరపడానికి మాత్రం మిగులు ఉండదు. లోపలికి అదే చాలు. అంచున చిన్న పెచ్చు ఊడినా, షట్టర్ పనిచేయకపోయినా, గాజు మీద తుడుపు గీతలున్నా ఆయనకి అభ్యంతరం లేదు. బాల్సం విడిపోయి ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే మాత్రం వద్దు. పూతని బూజు తిన్నా వద్దు. బోర్డుకి బిగించే ఇత్తడి రింగు లెన్సుతోపాటే రావాలి. అది విడిగా దొరకదు, మరతో తిప్పించాలంటే లెన్సు ధరకి సమానంగా ఖర్చవుతుంది. బోర్డుకి టేకు ముక్క ఈపాటికే ఊళ్లో వడ్రంగికి ఇచ్చేశారు, రంధ్రం మాత్రం లెన్సు చేతికొచ్చాకే కొట్టాలని చెప్పి.