ఇంజన్ మారిస్తే డిస్ట్రిబ్యూటర్ ఏది పడుతది? నల్లగండ్ల షెడ్డులో మేం నేర్చుకున్నది

పోస్టు పొడుగున్నది, ఓపికతో చదవండి. మన గూడలల్ల పాత బండ్లు కొనేటోళ్లకు, పది తప్పి ఇంట్ల కూసున్న తమ్ముళ్లకు పనికొస్తదని రాస్తున్నం.

మేం ముగ్గురం ఉట్నూరు దిక్కు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతున్నం. మా ఇండ్లల్ల కాలేజీకి వచ్చిన మొదటోళ్లం మేమే. నల్లగండ్ల అంటే ఒక పక్క లింగంపల్లి స్టేషన్, ఇంకో పక్క హెచ్‌సీయూ గోడ, నడుమ ఆకాశమంత అపార్ట్‌మెంట్లు. వాటికి నీళ్లు మోసే ట్యాంకర్లు, మట్టి మోసే టిప్పర్లు బాగయ్యే షెడ్డు ఒకటి ఉన్నది. అండ్ల మా గూడ దాదా హెల్పర్. చదివింది పదో తరగతి వరకే. ఆదివారం మేం ఆయన దగ్గరికి పోతం.

మొన్న ఆ షెడ్డుకు ఒక సాఫ్ట్‌వేర్ సారు పాత ఎఫ్‌సీ-150 ట్రక్కు తెచ్చిండు. మహీంద్రా కంపెనీ 1965లో చిన్న ట్రక్కులు మొదలుపెట్టింది దీంతోనే. పెట్రోలు బండి. ముక్కు ఉండదు, ఇంజన్ క్యాబిన్ లోపలే, సీట్ల నడుమ పెట్టె కింద ఉంటది. ఇంజన్ పోయింది కాబట్టి పాత విల్లీస్ జీపుది నాలుగు సిలిండర్ల ఇంజన్ తెచ్చిన్రు. దానికి డిస్ట్రిబ్యూటర్ లేదు.

డిస్ట్రిబ్యూటర్ పని ఏంటంటే, కాయిల్ నుంచి వచ్చే కరెంటును వంతుల ప్రకారం ఒక్కో ప్లగ్గుకు పంచడం. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే అది ఒక చుట్టు తిరుగుతది. నాలుగు సిలిండర్లకు తొంభై డిగ్రీలకొక స్పార్క్ పడాలె. అమ్మేటాయన "నాలుగు సిలిండర్లదైతే చాలు, ఏ బండిదైనా పడుతది" అన్నడు. కరెంటు సామాను ఒకసారి కొంటే వాపసు ఉండదు. తేడా వస్తే మాట పడేది హెల్పరే, కోసుకునేది ఆయన జీతంలనే. అయినా దాదా మిస్త్రీ ముందట్నే అన్నడు: "అన్నా, బండి పేరు చూసి కొనొద్దు, ఇంజన్ నంబరు చూసి కొందాం."

స్క్రాపుల దొరికినవి మూడు బల్ల మీద పెట్టిండు. ఒకదాని మూతకు ప్లగ్గు వైర్ల రంధ్రాలు ఆరు. అది పక్కకు. రెండోదానికి నాలుగే, కాని అది గడియారం ముల్లు తిరిగినట్టు తిరిగేది. ఈ ఇంజన్‌కు ఎదురు తిరగాలె. వైర్లు మార్చి పెడితే నడవదా అని అడిగినం. స్టార్ట్ అయితది గాని, లోపల బరువులు, పక్కన వాక్యూమ్ డబ్బా స్పార్కును ముందుకు జరపాల్సింది పోయి వెనక్కి జరుపుతయి అన్నడు. ఇంజన్ వేగం పెరిగినకొద్దీ స్పార్క్ ముందే పడాలె. లేకపోతే లాగుడు ఉండదు, వేడెక్కుతది. మరీ ముందు పడినా కష్టమే, ఇంజన్ కొట్టుకుంటది, పిస్టన్ పోతది.

మూడోదాని షాఫ్ట్ కొసకు నాలుకలాంటిది ఉన్నది, నడుమ కాకుండా ఒక పక్కకు. ఈ ఇంజన్ల ఆయిల్ పంపు షాఫ్ట్ గాడిలో ఆ నాలుకే కూసోవాలె. కూసున్నది. పొడుగు సరిపోయింది, తిరిగే దిక్కు సరిపోయింది. కాని షాఫ్ట్ పట్టుకొని ఊపితే అటూ ఇటూ ఆడింది. ఆడితే పాయింట్ల గ్యాప్ నిలువదు. లేత్ మీద కొత్త బుష్ చేయించిన్రు. రాణిగంజ్ నుంచి పాయింట్లు, కండెన్సర్ తెచ్చిన్రు. కాయిల్ ఆరు వోల్టులదా పన్నెండు వోల్టులదా అని కూడా దాదా చూసిండు, బ్యాటరీ పన్నెండుది కాబట్టి. ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్ మీద పైకి తెచ్చి, రోటర్ ముక్కు ఎటుందో చూసి, 1-3-4-2 వంతున వైర్లు పెట్టిండు. సాయంత్రానికి బండి మోగింది. మిస్త్రీ ఏం అనలేదు, కాని తెల్లారి నుంచి ఇంజన్ పని దాదాకే ఇస్తున్నడు.

మాలో ఒకడు ఫిజిక్స్ చదువుతున్నడు. కోణీయ వేగం లెక్కలు కాగితం మీద చేసినోడే, దాన్ని చేతిల పట్టుకొని చూసింది మాత్రం ఆ రోజే. క్లాసుల ఇంగ్లిష్ రాకుంటే "వీళ్లు ఇక్కడ సెట్ కారు" అనేటోళ్లను మేం చూసినం. సెట్ అయితదా లేదా అన్నది మూత చూసి చెప్పేది కాదని దాదా బల్ల దగ్గర సమజైంది.

ఇగ మన దిక్కు సంగతి. మన సంతలకు, నాగోబా జాతరకు తిరిగే జీపులు డీజిల్‌వి. వాటికి ప్లగ్గులుండవు, డిస్ట్రిబ్యూటర్ ఉండదు. డీజిల్‌ను వంతుల ప్రకారం పంచేది పంపు. ఇంజన్ మారిస్తే పంపు విషయంల కూడా ఇవే ప్రశ్నలు అడగాలె: ఏ ఇంజన్‌ది, ఎటు తిరుగుతది, ఎట్ల బిగుస్తది, టైమింగ్ ఎంత. ఇంకొకటి, మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఇంజన్ మారిస్తే ఆర్‌సీల ఎక్కించాలె. కొనే ముందు ఇంజన్ మీది నంబరు, ఆర్‌సీ మీది నంబరు పక్కపక్కన పెట్టి చూడండి. కలవకుంటే పైసలు ఇయ్యకండి. రాత్రిపూట పేషెంటును తీసుకపోయే ఒక్క బండి చెక్‌పోస్టుల ఆగితే ఏమైతదో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు.

పది తప్పిన తమ్ముళ్లు సప్లిమెంటరీ రాయండి. పాసైతే ఐటీఐల మోటార్ మెకానిక్ రెండేండ్లు, డీజిల్ మెకానిక్ ఒక ఏడాది. దాదాకు చేతిల పని ఉన్నది, చేతిల కాగితం లేదు. ఆయన కోసం కూడా మేం ఈసారి నోటిఫికేషన్ చూస్తున్నం. రాంగనే గ్రూపుల పెడతం.