ఉత్తుత్తి బండి

మా అమ్మాయికి కారు నేర్పించాలని ఇంట్లో తీర్మానమయింది. మాకు కారు లేదు, కొనే ఊహా లేదు. లైసెన్సు ఉంటే ఉద్యోగానికి పనికివస్తుందని దాని వాదన. సరేనని షోలాపూరులో ఒక డ్రైవింగు స్కూలులో చేర్చాము. మొదటి రోజు వెంట వెళ్ళి చూద్దుము గదా, రోడ్డు మీదికి తీసుకుపోవడమే లేదు. గదిలో చక్రాలు లేని బండి ఒకటి ఉన్నది! కుర్చీ, స్టీరింగు, గేరు కర్ర, కాళ్ళ దగ్గర మూడు పెడళ్ళు, ఎదుట మూడు తెరలు. తాళంచెవి తిప్పితే ఇంజను చప్పుడు వస్తుంది, తెరమీద రోడ్డు కదులుతుంది. సిమ్యులేటరు అంటారట. మాకు మాత్రం చిన్నప్పుడు పీటలు వరసగా పేర్చి ఆడుకున్న ఉత్తుత్తి రైలుబండి జ్ఞాపకం వచ్చింది.

"నువ్వూ కూచో నాయినా" అన్నది అమ్మాయి.

స్కూటరు మాకు ఇరవై ఏళ్ళ అలవాటు, కారే కొత్త. మెల్లగా పోనిచ్చాము. రెండు మలుపులు తిరిగేసరికి కడుపులో తిప్పడం మొదలుపెట్టింది. పోతున్నామని కళ్ళంటాయి, కూర్చునే ఉన్నామని ఒళ్ళంటుంది. ఆ తగాదాలో నలిగేది కడుపు. పెద్ద పరిశోధనశాలల్లో సయితం ఈ వికారం పట్టుకుని కొందరు మధ్యలోనే దిగిపోతారట.

ఇంతలో అమ్మాయి వెనకనుంచి అడిగింది: "నాయినా, సొసైటీ అప్పు ఇంకెంత మిగిలింది?"

గుమాస్తా ప్రాణం, లెక్క అడిగితే ఊరుకోదు. అసలెంత, వడ్డీ ఎంత, కట్టిన వాయిదాలెన్ని అని మనసులో కూడుతున్నాము. తెరమీద ఒక ముసలామె చేతిసంచితో రోడ్డు దాటుతున్నది. మేము ఆమెను చూశాము. ఈ మాట గట్టిగా చెప్పాలి, చూశాము సుమండీ. కాలు మాత్రం బ్రేకు మీదికి పోలేదు. మాస్టరు మరాఠీలో "బ్రేక్ మారా!" అని అరిచేలోగా తెర ఎర్రబడింది. అమ్మాయి నవ్వింది, మాస్టరు నవ్వాడు. మేమూ నవ్వబోయి ఊరుకున్నాము.

కారణం ఉన్నది. 2023 డిసెంబరులో మా బావమరిది టెంపోలో చద్దర్లు వేసుకొని పుణెకు పోతూ, టెంభుర్ణి దాటినాక చీకట్లో చెరకు ట్రాలీని వెనకనుంచి గుద్దాడు. చెరకు కాలంలో ఆ దారిన పోయేవారికి తెలియనిది కాదు. ఒక్కొక్క ట్రాక్టరు వెనక రెండేసి ట్రాలీలు, వెనక దీపం ఉండదు, మెరిసే ఎర్ర బిళ్ళ అయినా ఉండదు. బావమరిదికి తొడ ఎముక విరిగి నాలుగు నెలలు మంచాన ఉన్నాడు. తప్పు ట్రాలీవాడిదే అని చుట్టపక్కాలందరూ అన్నారు. నిజమే. కాని ఆ వేళ అతని చెవిలో మాట్లాడుతున్నది మేము. అత్తగారి కంటి ఆపరేషనుకు ఎవరి వాటా ఎంత అని అడుగుతున్నాము. ఫోను అతని చేతిలో లేదు, చెవిలో తీగ పెట్టుకున్నాడు, రెండు చేతులూ స్టీరింగు మీదనే ఉన్నాయి అని ఇన్నాళ్ళూ మాకు మేము చెప్పుకుంటూ వచ్చాము.

ఆ రాత్రి ఈ యంత్రాల సంగతి అమ్మాయి చేత చదివించుకొని విన్నాము. ఇవి డ్రైవింగు నేర్పడానికే కాదట, నడిపేవాడి స్వభావం కనిపెట్టడానికి కూడా. నిజం రోడ్డు మీద అటువంటి పరీక్ష పెట్టరాదు గదా! మనిషిని తాగించి బండిచ్చి తోలితే దాన్ని పరీక్ష అనరు, హత్య అంటారు. పైగా నూరుమంది ముందు ఒకే ముసలామెను, ఒకే దూరాన, ఒకే నడకతో దాటించడం ఏ రోడ్డు మీద కుదురుతుంది? తెరమీద కుదురుతుంది. కాలు యాక్సిలరేటరును ఎప్పుడు వదిలింది, బ్రేకును ఎప్పుడు తాకింది, ఎంత బలంగా తొక్కింది, అన్నీ యంత్రం రాసుకుంటుంది. డైమ్లర్-బెంజ్ కంపెనీవారు 1985లో బెర్లినులో పెట్టిన యంత్రం వల్లనే ఒక వింత బయటపడింది. ఆపద వేళ జనం బ్రేకును చప్పున తొక్కుతారు గాని చాలినంత గట్టిగా తొక్కరట. భయపడ్డవాడు శక్తికొద్దీ తొక్కుతాడని గదా మనమనుకునేది! కాలి తొందరను గుర్తించి మిగతా బలం తానే కలుపుకొనే బ్రేకును ఆ కంపెనీ 1996లో తన కార్లకు పెట్టింది.

మాకు నిద్ర పట్టనియ్యని సంగతి వేరొకటి. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయంవారు 40 మందిని ఈ ఉత్తుత్తి బండిలో కూర్చోబెట్టి 2006లో ఫలితాలు ప్రచురించారు. ఒకమారు ఊరక నడిపించారు, ఒకమారు ఫోను చేతబట్టించి, ఒకమారు చెవి తీగతో, ఒకమారు రక్తంలో 0.08 శాతం చేరేదాకా మద్యం తాగించి. ముందరి కారు బ్రేకు వేసినప్పుడు ఫోనులో మాట్లాడేవారి కాలు ఆలస్యంగా కదిలింది, ముగ్గురు పోయి గుద్దారు. ఆ పరీక్షలో తాగి నడిపినప్పుడు ఎవరూ గుద్దలేదు. తాగినవాడే మేలని కాదు, వారు ముందు బండిని మరీ అంటుకుని పోయి బ్రేకును మొరటుగా తొక్కారు. అయితే చేతిలోని ఫోనుకూ చెవిలోని తీగకూ తేడా ఏమీ కనబడలేదట. అమ్మాయిని ఆ వాక్యం మళ్ళీ చదవమన్నాము. మళ్ళీ అదే చదివింది.

అక్కడివారే 2008లో ఇంకొకటి చూపించారు. పక్క సీటులో స్నేహితుడుంటే రద్దీ వచ్చినప్పుడు మాట ఆ రద్దీ మీదికే మళ్ళుతుంది. ఫోనులో ఉన్నవాడికి రోడ్డు కనబడదు, అతని మాట అతనిది.

దూరదేశపు సంగతి అనుకుందామంటే మన బొంబాయి ఐ.ఐ.టి.వారు కూడా లైసెన్సు ఉన్న 100 మందిని కూర్చోబెట్టి చూసి 2017లో ప్రచురించారు. అక్కడి తెరమీదా మనుషులు రోడ్డు దాటారు. ఫోనులో మామూలు కబుర్లయితే డ్రైవరు స్పందించడానికి పట్టే కాలం 40 శాతం పెరిగింది. ఆలోచించి జవాబు చెప్పవలసిన మాటలయితే 95 శాతం. ఆపరేషను ఖర్చులో వాటా అడగడం ఏ కోవలోకి వస్తుందో గుమాస్తాకు ఒకరు చెప్పనక్కరలేదు.

2022లో మన దేశపు రోడ్ల మీద పోయినవారు 1,68,491 మంది. సర్కారువారి పట్టికలో వేగానికి ఒక గడి, తాగుడుకు ఒక గడి, డ్రైవరు ఫోను వాడకానికి ఒక గడి ఉన్నాయి. అవతలినుంచి ఫోను చేసినవాడికి గడి లేదు. 2019లో సవరించిన చట్టం కూడా చేతబట్టిన ఫోనునే తప్పంటుంది, చెవిలోని బావను అడగదు.

బావమరిది మళ్ళీ టెంపో ఎక్కాడు. నడకలో కొంచెం కుంటు మిగిలింది. ఈ సంగతులేవీ అతనితో ఇంకా చెప్పలేదు. మొన్న సాయంత్రం ఫోను చేస్తే "చెప్పు బావా" అన్నాడు, వెనక హారను వినబడింది. ఒక్క మాటయినా ఆడకుండా పెట్టేశాము. వెంటనే తిరిగి చేశాడు, ఎత్తలేదు. రాత్రి పుణె చేరినాక వాళ్ళ అక్కకు ఫోను చేసి, "బావకు నా మీద కోపమొచ్చిందా?" అని అడిగాడట.