కారుకూ ఊపిరాడాలి

కారు పాతబడితే చాలు, దాని ప్రతి దగ్గుకీ వయసే కారణమంటారు. స్టార్టింగ్ మొరాయిస్తే ‘పాతదైపోయిందిగా’ అంటారు. పెట్రోలు కాస్త ఎక్కువ తాగితే ‘అమ్మేయండి’ అంటారు. మనుషుల విషయంలోనూ అంతే. అరవై దాటినవాళ్లు ఆయాసమంటే డాక్టరు కంటే ముందు ఇంట్లోవాళ్లే ‘వయసు మరి’ అని తేల్చేస్తారు. అసలు జబ్బేమిటో చూసేవారు తక్కువ.

మాది 2008 నాటి చిన్న పెట్రోలు కారు. లక్ష కిలోమీటర్లకు దగ్గరపడింది. 15 ఏళ్లు నిండాక 2023లో రిజిస్ట్రేషన్‌ని మరో అయిదేళ్లకు పొడిగించుకున్నాం. దాన్ని వదులుకోకపోవడానికి కారణం మమకారం ఒక్కటే కాదు. మా అమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి. ఎత్తుగా ఉండే కొత్త కార్లలోకి కాలెత్తి ఎక్కలేదు. ఆటో కుదుపులు పడవు. ఈ కారులో అయితే ముందు సీటు మీద కూర్చుని, మెల్లగా కాళ్లు లోపలికి తిప్పుకుంటుంది. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి వెళ్లేది అందులోనే.

అలాంటి కారు సిగ్నల్ పడితే చాలు, ఆగిపోవడం మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ బాగానే పరుగెత్తేది. కాలు తీస్తే ఇంజిన్ వణికి, ఠక్కున ఆగేది. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఓ సాయంత్రం మూడుసార్లు అలాగే ఆగింది. వెనక హారన్ల మోత! ‘నాకోసమేగా నీకీ అవస్థ. ఇక నేను రానులేరా’ అంది అమ్మ. కారు ఆగినందుకంటే ఆ మాటకే నాకు ఎక్కువ బాధేసింది.

ఓ వర్క్‌షాపులో చూపిస్తే ఇంజిన్ దించాలన్నారు. వాళ్లు చెప్పిన ఖర్చు కారు ధరలో సగం ఉంది. ఇంట్లో అమ్మేద్దామన్న మాటా వచ్చింది. చివరి ప్రయత్నంగా ఆటోనగర్‌లో చిన్న షెడ్డు నడుపుకునే ఓ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తి కాసేపు చప్పుడు విన్నాడు. ‘పరుగులో బాగుండి, నిలబడితే చచ్చిపోతోందంటే ముందు గాలి దారి చూడాలి బాబూ. ఇంజిన్ జోలికి తర్వాత వెళ్దాం’ అన్నాడు.

యాక్సిలరేటర్ తొక్కితే పెట్రోలు పెరుగుతుందనుకుంటాం. పెట్రోలు కారులో నిజానికి మనం తెరిచేది గాలి తలుపు. ఎయిర్ ఫిల్టర్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే దారిలో థ్రోటిల్ బాడీ అనే భాగం ఉంటుంది. అందులో గుండ్రటి రేకు ఒకటి అటూ ఇటూ తిరుగుతుంది. అది ఎంత తెరుచుకుంటే అంత గాలి. వెళ్లిన గాలిని బట్టి ఎంత పెట్రోలు చల్లాలో లోపలి కంప్యూటర్ లెక్కేస్తుంది. ఒక లీటరు పెట్రోలు సరిగ్గా మండాలంటే సుమారు 9 వేల లీటర్ల గాలి కావాలి!

మనం కాలు తీసేసినప్పుడు ఆ రేకు దాదాపు మూసుకుపోతుంది. అంచు చుట్టూ ఉండే సన్నని సందులోంచీ, పక్కనున్న చిన్న దారిలోంచీ వెళ్లే గాలితోనే ఇంజిన్ బతకాలి. ఆ సందు పూడితే ఇంకేముంది? ఊపిరాడదు.

పెద్దాయన క్లాంపులు వదులుచేసి రబ్బరు గొట్టం తీశాడు. లోపల వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కల మీద పట్టే జిడ్డులాంటిదే, ఇంకా నల్లగా ఉంది. ఇంజిన్ అడుగున పుట్టే ఆయిల్ ఆవిరిని బయటికి వదలకుండా మళ్లీ గాలి దారిలోకే పంపిస్తారు. కాలుష్యం తగ్గడానికే ఆ ఏర్పాటు. ఆ ఆవిరి, ఫిల్టర్‌ని తప్పించుకున్న సన్నటి దుమ్ము కలిసి ఏళ్ల తరబడి ఇలా పేరుకుంటాయి. పాత కార్బురేటర్‌లో పెట్రోలు కూడా ఈ రేకును తడుపుతూనే వెళ్లేది. ఎంపీఎఫ్‌ఐ కార్లలో పెట్రోలు చల్లేది రేకు దాటాక. అందుకే ట్యాంకులో ఎంత ఖరీదైన మందు పోసినా ఈ మురికి దాకా చేరదు.

ఆయన బ్యాటరీ నెగటివ్ తీగ తీశాడు. చల్లారిన ఇంజిన్ మీదే పని మొదలుపెట్టాడు. థ్రోటిల్ క్లీనర్‌ని గుడ్డ మీద చల్లి, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో రేకు అంచులు రెండువైపులా రుద్దాడు. ఉప్పుకాగితం, స్క్రూడ్రైవర్ దగ్గరికి రానివ్వలేదు. గీత పడితే గాలి లెక్క తప్పుతుందట. పక్కనున్న సెన్సర్ మీద చుక్క పడనివ్వలేదు. రేకు ఎక్కడ ఆగాలో నిర్ణయించే చిన్న స్క్రూను అసలు ముట్టుకోలేదు. గొట్టం బిగించాక స్టార్ట్ చేస్తే కాసేపు పొగ వదిలింది, ఇంజిన్ కాస్త హోరెత్తింది. తర్వాత దానంతటదే సర్దుకుని నిలకడగా తిరిగింది. మొత్తం ఖర్చు వెయ్యి రూపాయల లోపే!

అలాగని ఆగిన ప్రతి కారుకీ ఇదే మందు కాదు. స్పార్క్ ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్, పెట్రోలు పంపు, ఎక్కడైనా గాలి లీకు... కారణాలు చాలానే ఉంటాయి. చెక్ ఇంజిన్ దీపం వెలిగితే స్కానర్ పెట్టించాల్సిందే. కేబుల్ లేని ఎలక్ట్రానిక్ థ్రోటిల్ ఉన్న కార్లలో ఆ రేకును వేలితో తోయకూడదు. దాని పని తెలిసినవాళ్లకే అప్పగించాలి. క్లీనర్ ఇట్టే అంటుకునే ద్రవం కాబట్టి నిప్పుకు దూరంగా, గాలి ఆడేచోటే వాడాలి. ఎయిర్ ఫిల్టర్ మార్చినప్పుడల్లా ఆ గొట్టం కూడా తీసి చూడమంటే చాలావరకు ఈ బెడద ఉండదు.

డబ్బు తీసుకుంటూ పెద్దాయన నవ్వుతూ ఓ మాటన్నాడు. ‘పాత బండి అనగానే అందరూ ఏం మార్చాలా అని చూస్తారు బాబూ. ముందు ఏం తుడవాలో చూడాలి.’ ఆ మాట ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ‘అయితే గురువారం వెళ్దామా?’ అంది.