జేబు లేని స్వెట్టరు

తెనాలిలో స్వెట్టరేమిటని నవ్వకండి! ఎండాకాలంలో రోడ్డు మీద అప్పడాలు కాల్చుకోగల ఊరే మాది, కాదనను. కానీ ధనుర్మాసంలో తెల్లవారుజామున కాలవగట్టు మీద నాలుగడుగులు వేసి చూడండి. మంచులో అవతలి గట్టు కనిపించదు. 20 డిగ్రీల లోపుకి దిగిందంటే మాకదే కాశ్మీరు! మఫ్లర్లూ, మంకీ టోపీలూ పెట్టెల్లోంచి బయటికొస్తాయి.

ఆ పెట్టెల్లోంచే మా ఇంట్లో ఓ బూడిదరంగు స్వెట్టరు కూడా బయటికొస్తుంది. అమ్మ తన చేత్తో అల్లింది. నాన్న కోసం. 1971 చలికాలంలో.

సంవత్సరం అంత కచ్చితంగా ఎలా గుర్తుందంటారా? తెనాలి వాళ్ళకి సంవత్సరాలన్నీ సినిమాలతోనే గుర్తుంటాయి! శారద పుట్టిన ఊరు, చక్రపాణిగారి ఊరు. జగ్గయ్యగారి మోరంపూడి పక్కనే. ఇక బుర్రిపాలెం బుల్లోడు కృష్ణ సంగతి చెప్పక్కర్లేదు. ఆయన తెలుగులో మొదటి కౌబాయ్ సినిమా "మోసగాళ్ళకు మోసగాడు" తీసింది 1971లోనే. నాన్న బియ్యం మిల్లులో గుమాస్తా. పగలంతా లెక్కలు. శనివారం వచ్చిందంటే సెకండ్ షో. అర్ధరాత్రి దాటాక చలిలో సైకిలు తొక్కుకుంటూ వస్తున్నాడని అమ్మ జాలిపడి ఆ స్వెట్టరు మొదలుపెట్టింది.

అది సగమయ్యేసరికి నాన్నకో కోరిక పుట్టింది.

"ఏమోయ్! కౌబాయ్‌కి ఒంటినిండా జేబులే. నాకు ఒక్కటి పెట్టకూడదూ?"

"ఎందుకూ, సిగరెట్టు పెట్టె దాచుకోడానికా? పెట్టను గాక పెట్టను!"

అంతే. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడో రోజున నాన్న నవ్వేశాడు. స్వెట్టరు తొడుక్కున్నాడు. మళ్ళీ ఎప్పుడూ జేబు మాట ఎత్తలేదు. సిగరెట్లు మానేసి పాతికేళ్ళయ్యాక కూడా ఎత్తలేదు! కృష్ణగారు 2022 నవంబరులో పోయారు. నాన్న అంతకు ఏడాది ముందే వెళ్ళిపోయాడు.

మొన్న ధనుర్మాసంలో ఊరెళ్ళాను. అమ్మ ఆ స్వెట్టరే వేసుకుని వాకిట్లో కూర్చుని ఉంది. భుజాలు జారిపోతున్నాయి, చేతులు మడిచి పెట్టుకుంది. నన్ను చూస్తూనే, "దీనికో జేబు పెట్టవే" అంది.

నా గుండె గతుక్కుమంది. నాన్న స్వెట్టరు మీద సూది పెట్టడమా? "కొత్తది కొనిస్తాలే అమ్మా" అన్నాను. "కొత్తది నాకెందుకే? నీకు చేతకాకపోతే చెప్పు, వీధి చివర దర్జీకి ఇస్తా" అంది. దర్జీ మిషను మీద ఊలు కుట్టిస్తే సాగి ముడతలు పడుతుంది. ఇక తప్పలేదు.

అరలో మిగిలిన ఊలుండ వెతికాను. దొరకలేదు. దొరికినా లాభం లేదట. యాభై ఏళ్ళు ఉతికిన రంగుకి ఏ ఊలూ కలవదు. "కలవనప్పుడు కలిసినట్టు నటించడమెందుకే? మెరూన్ తీసుకురా, షోకుగా ఉంటుంది" అంది అమ్మ. నిజమే కదా!

స్వెట్టరు మీద అమ్మ కుట్లు లెక్కపెట్టాను. అంగుళానికి 5. జేబు 5 అంగుళాల వెడల్పుండాలి కనక 25 కుట్లు వేసి అల్లాను. పూర్తయ్యాక పెట్టి చూస్తే నాలుగంగుళాలు దాటి పిసరంత! అమ్మ పకపకా నవ్వింది. "నాది వదులు చెయ్యి, నీది బిగువు చెయ్యి. నీ అల్లిక కొలుచుకోకుండా నా లెక్క పెట్టుకుంటే ఎలాగే?" ఊడదీసి, నా అంగుళానికి 6 చొప్పున 30 కుట్లతో మళ్ళీ మొదలెట్టాను. పైఅంచు సాగిపోకుండా ఆరు వరసలు రెండు నిట్, రెండు పర్ల్. మధ్యలో బూడిదరంగు ఊలుతో చిన్న ఆకు కుట్టాను. తడిపి, తువ్వాలు మీద పరిచి ఆరబెట్టాను. ఆరకముందే కుడితే తర్వాత సాగి వంకర పోతుంది.

అతికేటప్పుడు ఇంకో పొరపాటు. కంటి అంచనాతో కుట్టేశాను. తొడిగి చూస్తే జేబు పక్కకి ఒరిగి, తాగొచ్చిన విలన్‌లా నిలబడింది! మళ్ళీ విప్పాను. ఈసారి స్వెట్టరు మీద ఒకే నిలువు కుట్ల వరస పట్టుకుని, తెల్లదారంతో పైనుంచి కిందకి గీత వేసుకున్నాను. ఆ గీత వెంటే ఒక్కొక్క కుట్టూ కలుపుతూ వచ్చాను. చెయ్యి పెట్టి లాగేది పైమూలలే కనక అక్కడ రెండేసి కుట్లు గట్టిగా వేశాను. బరువుకి స్వెట్టరు జారకుండా లోపల మెత్తటి పాత పంచె ముక్క అస్తరు కుట్టాను. అది నాన్న పంచే. అమ్మకి చెప్పలేదు. చూసింది, తనూ ఏమీ అనలేదు.

సాయంత్రానికి తొడిగాను. అద్దం ముందు నిలబడి అటూ ఇటూ తిరిగింది.

"ఇందులో ఏం పెట్టుకుంటావు? సెల్‌ఫోనా, తాళంచెవులా?" అన్నాను.

"చెయ్యి" అంది.

ఎడమచెయ్యి జేబులో దూర్చి కాసేపు అలాగే నిలబడింది.

"వెచ్చగా ఉందే... ఆయన అర్ధరాత్రి సైకిలు మీద ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని, రెండో చెయ్యి చంకలో పెట్టుకుని వచ్చేవాడు. ఎన్నిసార్లు చూశానో! జేబు అందుకడిగాడేమో. నేనే సిగరెట్లకనుకున్నాను" అంది.

"అందుకేనా అని ఒక్కమాట అడగలేకపోయావా అమ్మా?"

"అడిగితే చెప్పే మనిషా? నేను అడిగే మనిషినా?"

నా దగ్గర సమాధానం లేదు. మా ఆయన ఎప్పటినుంచో ఒక చిన్న కోరిక కోరుతున్నాడు, ఎందుకో నేనూ అడగలేదు. హైదరాబాదు తిరిగొచ్చిన రాత్రే అడిగాను. అదేమిటో మీకు చెప్పను గానీ, జేబు కుట్టినంత తేలిగ్గా తీరిపోయింది.

రెండో జేబుకి సరిపడా మెరూన్ ఊలు ఇంకా మిగిలింది. వచ్చే ధనుర్మాసానికి అమ్మ కుడిచెయ్యి కూడా వెచ్చబడాలి!