తెల్ల ఎలుగుబంటి ప్రశ్న

ఉత్తరాన, ఎప్పుడూ మంచుండే చోట ఎలుగుబంట్లన్నీ తెల్లగా ఉంటాయి. నొవాయా జెమ్ల్యా దీవులు ఆ ఉత్తరానే ఉన్నాయి. మరి అక్కడి ఎలుగుబంట్లు ఏ రంగు?

మీ ఇంట్లో ఆరో తరగతి పిల్లాణ్ని అడగండి. ప్రశ్న పూర్తికాకముందే ‘తెలుపు’ అనేస్తాడు. 1931, 1932 సంవత్సరాల్లో ఉజ్బెకిస్థాన్ పల్లెల్లో చదువురాని రైతుల్ని ఇదే అడిగితే చాలామంది ఆ మాట అనలేదు. ఒకాయన తాను నల్లదాన్నే చూశాననీ, చూడనిదాని గురించి తాము మాట్లాడమనీ చెప్పాడు. అరవై, ఎనభై ఏళ్లవాడెవరైనా తెల్లదాన్ని కళ్లారా చూసి చెబితే నమ్మొచ్చట!

అడిగినవాడు సోవియట్ మనస్తత్వ శాస్త్రవేత్త అలెగ్జాండర్ లూరియా. వెనకున్నవాడు ఆయన మిత్రుడు లెవ్ వైగోట్‌స్కీ. మనసులో ముందే తయారైన ఆలోచనకి భాష పైన వేసే చొక్కా కాదు, ఆలోచనని మలిచే పనిముట్టే భాష అని వాదించినవాడు. 37 ఏళ్లకే, 1934లో క్షయతో పోయాడు. ఆయన పేరు నిలబెట్టిన ‘ఆలోచన, భాష’ పుస్తకం వచ్చిందీ ఆ ఏడాదే.

ఈ ప్రశ్నలకి బీజం పడింది మాత్రం ఆంత్రోపాలజీలో, అంటే మానవ శాస్త్రంలో. ‘ఆదిమ’ జాతుల ఆలోచన తీరే వేరు, మన తర్కం వాళ్లకి పట్టదు అని ఫ్రెంచి పండితుడు లూసియన్ లెవీ-బ్రూల్ 1910లో రాశాడు. తాను స్వయంగా వెళ్లి ఆ జనం మధ్య ఉన్నవాడు కాదు. మతప్రచారకులూ యాత్రికులూ రాసుకొచ్చిన సంగతులు చదివి తేల్చాడు. బాఫిన్ దీవిలో ఇనూయిట్‌ల మధ్య ఒక చలికాలం గడిపొచ్చిన ఫ్రాంజ్ బోయాస్ మాత్రం, బుద్ధి అందరిదీ ఒకటే, తేడా అంతా అలవాట్లలో ఉందని 1911లో రాశాడు. వెళ్లి చూసినవాడికీ, కుర్చీలో కూర్చుని చదివినవాడికీ ఆ మాత్రం తేడా ఉంటుంది మరి!

వైగోట్‌స్కీ, లూరియా లెవీ-బ్రూల్‌ని శ్రద్ధగా చదివారు. అయితే తేడా రక్తంలో లేదు, బతుకులో, చదువులో ఉంది అన్నారు. జాతుల గొప్పలు మోగిపోతున్న ఆ రోజుల్లో అది చిన్న మాట కాదు. కానీ నిచ్చెన అలాగే ఉండిపోయింది. చదువుకున్నవాడు పై మెట్టు, చదువురానివాడు కింది మెట్టు. జనాన్ని కించపరిచేలా ఉందని అక్కడి ప్రభుత్వమే అభ్యంతరపెట్టడంతో లూరియా పుస్తకం 1974 దాకా వెలుగు చూడలేదు.

నాకు పేచీ ఆ నిచ్చెనతోనే. మా అమ్మ బడి మొహం చూడలేదు. మతిమరుపు వస్తోందేమోనని కొన్నేళ్ల క్రితం ఓ ఆసుపత్రికి తీసుకెళ్లాం. కుర్ర డాక్టరు తారీఖు అడిగితే అమ్మ తిథి చెప్పింది. అరటిపండుకీ బత్తాయికీ పోలికేమిటంటే, ‘పోలికెక్కడ బాబూ! జ్వరమొస్తే బత్తాయి పెడతాం, అరటిపండు పెట్టం’ అంది. రెండింటికీ సున్నా. ఆ కాగితం ఇంటికొచ్చాక పాల లెక్క వదిన చేతికి మారింది. పొలం కౌలు సంగతి అమ్మని అడగడం మానేశారు.

లూరియా కూడా ఇలాంటిదే అడిగాడు. సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ... వీటిలో ఏది వేరు? ఒక రైతు అన్నీ కలిసే ఉండాలన్నాడు. దుంగ లేకపోతే రంపానికేం పని? ఒకతను దుంగని పక్కన పెట్టాడని చెబితే, అతనింట్లో కట్టెలు బోలెడు ఉండి ఉంటాయన్నాడు! ఇందులో బుద్ధి తక్కువేమిటో నాకిప్పటికీ అర్థం కాదు.

తర్వాత సిల్వియా స్క్రిబ్నర్, మైకేల్ కోల్ లైబీరియాలో వాయ్ జాతివాళ్ల మధ్య ఇదే పరీక్షించారు. వాళ్లకి సొంత లిపి ఉంది. బడితో పనిలేకుండా ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటారు. ఆ అక్షరాలొచ్చినా ఎలుగుబంటి లాంటి ప్రశ్నల్లో పెద్ద తేడా కనిపించలేదు. తేడా తెచ్చింది బడి. చూడనిదాన్ని ఒప్పేసుకుని జవాబు చెప్పడం అక్కడ నేర్పే ఆట. 1981లో వాళ్లు దీన్ని పుస్తకంగా తెచ్చారు.

మన దేశంలోనూ హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో, చదువురాని పెద్దల కోసం మతిమరుపు పరీక్షని హిందీలో తిరగరాశారు. 1995లో ఆ వివరాలు అచ్చయ్యాయి. ఇంకో పెద్ద డాక్టరు దగ్గరికి అమ్మని తీసుకెళ్లినప్పుడు ఈ సంగతే చెప్పాను. ఆయన నవ్వి, కాగితం పక్కన పెట్టి, ‘ఏమ్మా, కౌలు ఎంతకిచ్చారు?’ అని అడిగాడు. మూడేళ్ల లెక్క, కౌలుదారు బాకీతో సహా చెప్పింది.

పాల లెక్క మళ్లీ అమ్మ దగ్గరికే వచ్చింది. వదినకీ అదే సుఖంగా ఉందట.