శరదృతువులో నల్లగొండ: నిర్మలజలం, నిశ్చలచ్ఛాయ

వేదఋషులు దీర్ఘాయువును ప్రార్థించినప్పుడు నూరు శరత్తులను కోరారు. సంస్కృతంలో 'శరత్' శబ్దానికి సంవత్సరమనే అర్థం కూడా ఉంది. ఆశ్వయుజ కార్తికమాసాలతో కూడిన ఈ ఋతువుకు అంతటి ప్రాశస్త్యం ఊరక రాలేదు. వానకాలంలో కలగిన నీరు తేరుకోవడం దీని ప్రధానలక్షణం. శ్రీమద్భాగవత దశమస్కంధంలోని ఇరవయ్యవ అధ్యాయం వర్షశరత్తులను వర్ణిస్తూ, ఒక్కొక్క ప్రకృతిదృశ్యం పక్కన ఒక్కొక్క ఆధ్యాత్మిక సత్యాన్ని నిలుపుతుంది. శరత్తులో జలాలు తమ సహజస్థితిని పొందడాన్ని, దారి తప్పిన యోగుల చిత్తాలు పునరభ్యాసంతో స్వస్థత పొందడంతో అది పోలుస్తుంది. ఇక్కడ జలం కొత్తగా ఏదీ సంపాదించలేదు. తనది కానిది అడుగుకు దిగింది, అంతే.

ఈ సత్యాన్ని గ్రంథంలో పఠించడం వేరు, ఒక క్షేత్రంలో ప్రత్యక్షం చేసుకోవడం వేరు. శరత్తులో యాత్ర అనగానే భక్తుల మనస్సు కాశీకో, హిమవత్పర్వత సానువులకో, శ్రీశైలానికో పరుగెడుతుంది. అవన్నీ పూజ్యక్షేత్రాలే. కానీ హైదరాబాదుకు సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో, సికింద్రాబాదు నుంచి గుంటూరు వెళ్లే రైలుమార్గం మీద, రెండు గుట్టల నడుమ ఒదిగి ఉన్న నల్లగొండను యాత్రాస్థలంగా తలచేవారు తక్కువ. నీలగిరి అనేది దాని ప్రాచీననామం. ఒకవైపు శిథిలదుర్గం నిలిచిన కాపురాల గుట్ట, మరొకవైపు దర్గా వెలసిన లతీఫ్ సాహెబ్ గుట్ట. ఇవి మంచుకొండలు కావు, మేఘాలను తాకే శిఖరాలూ కావు. యుగాల ఎండవానలకు ఓర్చిన నల్లరాతి గుట్టలు. వేసవిలో ఈ శిలలు పగలంతా తాగిన ఎండను రాత్రంతా కక్కుతాయి, అప్పుడు యాత్ర దేహానికి తపస్సే తప్ప మనస్సుకు ప్రసాదం కాదు. వర్షర్తువులో ఆకాశం మూసుకుని ఉంటుంది. కొండ చల్లబడి, ఆకాశం తేటపడి, చెరువు నిండి ఉండేది శరత్తులోనే. ఈ మూడూ కలిసినప్పుడే నల్లగొండ తన ఉపదేశాన్ని విప్పుతుంది.

ఆ ఉపదేశం పట్టణపు అంచున ఉన్న పానగల్లులో ఆరంభమవుతుంది. ఒకనాడు ఇది కందూరు చోడుల రాజధాని. క్రీస్తుశకం 11, 12 శతాబ్దాలలో వారి ఏలుబడిలో ఇక్కడ శివాలయాలు వెలిశాయి, ఉదయసముద్రమనే మహాతటాకం వెలసింది. చెరువుకు సముద్రమని పేరు పెట్టడంలో అతిశయోక్తి కంటే ఆర్తి ఎక్కువ. మెట్టనేలలో, నదికి దూరంగా బతికే ప్రజకు నిండిన చెరువే సముద్రం. అందువల్లనే ఈ సీమలో రాజు గుడి కట్టిన చోట చెరువు కూడా తవ్వించాడు. దేవుని ప్రతిష్ఠించడమూ, దాహాన్ని తీర్చడమూ వేర్వేరు ధర్మాలని ఆనాటివారు భావించలేదు.

పానగల్లులోని ఛాయాసోమేశ్వరాలయం త్రికూటాలయం. ఒకే మండపం చుట్టూ మూడు గర్భాలయాలు. వీటిలో సోమేశ్వరుని గర్భాలయంలో లింగం మీదుగా వెనుక గోడపై ఒక స్తంభాకారమైన నీడ కనిపిస్తుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు జరుగుతూ ఉంటే లోకంలోని నీడలన్నీ జరుగుతాయి, ఈ నీడ జరగదు. ఉదయం ఎక్కడ ఉన్నదో సాయంత్రం అక్కడే. ఇది ఏ స్తంభపు నీడ అని వెతకడం వచ్చిన ప్రతివారికీ సహజమైన కుతూహలం. ఒక స్తంభం దగ్గర నిలబడతారు, మరొకదాని వద్ద చేయి అడ్డం పెడతారు, గర్భాలయం వైపు చూస్తారు. ఆ నీడకు 'నేను కర్తను' అని చెప్పుకోగల ఒక్క స్తంభం కూడా దొరకదు.

భౌతికశాస్త్రం దీనికి సమాధానం చెబుతుంది. ఎండ నేరుగా లోనికి రాదు. ఆవరణలో చెదిరి, మండపస్తంభాల నడుమనుంచి ఇరుప్రక్కలా ప్రవేశించిన వెలుతురు గోడమీద పడుతుంది. స్తంభాల కూర్పు వల్ల మధ్యభాగానికి మాత్రం వెలుగు తక్కువగా అందుతుంది. ఆ కొరతే మనకు స్తంభంగా భాసిస్తుంది. ఈ వివరణ విన్నంతనే కొందరు భక్తుల ముఖం చిన్నబోతుంది, మహిమ పోయిందేమోనని. అట్లా కలత చెందనక్కరలేదు. నీడకు కారణం తెలిసినందువల్ల నీడ మాయం కాలేదు, శివుడూ తరగలేదు. పైగా వివరణ తెలిసిన తరువాతనే అసలు తత్త్వం స్ఫురిస్తుంది.

కఠోపనిషత్తు మూడవ వల్లి ఆదిలోనే, హృదయగుహలో ప్రవేశించిన ఇద్దరిని బ్రహ్మవేత్తలు నీడ, ఎండలుగా చెబుతారన్న మాట ఉంది. సంసారియైన జీవుడు నీడవంటివాడు, అసంసారియైన పరమాత్మ ఎండవంటివాడు, కనుక వారు పరస్పర విలక్షణులని శంకరభగవత్పాదులు భాష్యం చేశారు. పానగల్లు గర్భాలయంలో నిలబడినవానికి ఈ మంత్రానికి రాతిలో చెక్కిన వ్యాఖ్యానం లభిస్తుంది. మనలో 'నేను' అని స్థిరంగా తోచేది ఎవరిది? దేహాన్ని అడిగితే అది జడం. ఇంద్రియాలను అడిగితే అవి కరణాలు. మనస్సును అడిగితే అది క్షణక్షణం మారేది. బుద్ధిని అడిగితే అది సుషుప్తిలో లీనమయ్యేది. ఏ ఒక్కటీ 'నేను' అనేదానికి యజమాని కాదు. అయినా వీటన్నిటి కూర్పుమీద చైతన్యప్రకాశం పడినప్పుడు బాల్యం నుంచి వార్ధక్యం దాకా కదలనట్టుండే ఒక అహంకారచ్ఛాయ నిలుస్తుంది. విచారణ చేసినవానికి స్తంభం దొరకదు, వెలుగే దొరుకుతుంది.

ఇక్కడే ఋతువు ప్రాధాన్యం తెలుస్తుంది. దట్టమైన మబ్బు కమ్మినప్పుడు నీడ పలచబడిపోతుంది. ఎండ నిర్మలంగా ఉన్నప్పుడే అది స్ఫుటంగా కనిపిస్తుంది. అజ్ఞానం గాఢంగా ఉన్నవానికి తన అహంకారం కనబడదు. సత్త్వం ప్రకాశించిన కొద్దీ అది రేఖలు గీసినట్టు కనబడుతుంది. సాధన ఆరంభించాక తనలో దోషాలు పెరిగినట్టు తోచి నిరుత్సాహపడే సాధకులకు శరత్కాలపు ఈ నీడ గొప్ప ఊరట. దోషం పెరగలేదు, వెలుగు పెరిగింది.

కానీ నల్లగొండ ఉపదేశం ఈ ఊరటతో ముగియదు. దాని రెండవ పాఠం కఠినమైనది, అది నీటికి సంబంధించినది. చరకసంహిత శరత్కాలజలాన్ని 'హంసోదకం' అని కీర్తించింది. పగలు సూర్యకిరణాలతో కాగి, రాత్రి చంద్రకిరణాలతో చల్లబడి, అగస్త్యనక్షత్రోదయం చేత నిర్విషమైన నీరని దాని లక్షణం. కన్నుకు తేటగా కనిపించే నీరు విషరహితమని నమ్మడం మనిషికి సహజం. నల్లగొండ ప్రజలు ఆ నమ్మకానికి చెల్లించిన మూల్యం దారుణం. ఈ నల్లరాతి పొరలలోనుంచి బావులలోకి, బోర్లలోకి ఊరిన నీటిలో ఫ్లోరైడ్ కరిగి ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన హద్దును ఈ జిల్లాలోని ఎన్నో పల్లెల నీళ్లు మించాయి. ఆ నీటికి రంగు లేదు, వాసన లేదు, మడ్డి లేదు. స్ఫటికంలాంటి ఆ నీటిని తాగిన పిల్లల పళ్లు గారపట్టాయి, పెద్దల వెన్నులు వంగాయి, కీళ్లు బిగిశాయి. దశాబ్దాల పాటు తల్లులు తమ చేతులతోనే బిడ్డలకు ఆ తేటనీటిని తాగించారు.

వేదాంతి ఇక్కడ తల వంచి ఆలోచించవలసి ఉంది. మురికి వేరు, కరిగిన విషం వేరు. చిత్తంలోని మలం పైకి కనిపించే రాగద్వేషాల రూపంలో ఉన్నంతవరకు సాధకుడు జాగరూకుడై ఉంటాడు. జపధ్యానాలతో ఆ కలక తగ్గి, మనస్సు ప్రశాంతంగా, పారదర్శకంగా కనిపించినప్పుడే అసలు ప్రమాదం. సాత్త్వికాభిమానం, తాను ఇతరులకంటె శుద్ధుడననే భావం, సూక్ష్మవాసనగా ఆ ప్రశాంతిలోనే కరిగి ఉండి, అతని వెన్నును మెల్లగా వంచుతుంది. తేటదనం శుద్ధికి తొలిమెట్టే కాని ప్రమాణం కాదు.

విచిత్రమేమిటంటే, విషానికి పేరుపడిన ఈ ఊరే విరుగుడుకు కూడా తన పేరును ఇచ్చింది. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన ఫ్లోరైడ్ నివారణ పద్ధతి 'నల్గొండ టెక్నిక్' అనే పేరుతో దేశాంతరాలలో కూడా ప్రసిద్ధమైంది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి కలియబెడతారు. పటిక ముద్దలు కట్టి, ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దిగుతుంది. ఆ తరువాత పైనీటిని తీసుకుంటారు. ఇది చదివిన వేదాంత విద్యార్థికి ఆత్మబోధలోని చిల్లగింజ గుర్తుకు రాక మానదు. చిల్లగింజ పొడి నీటిలోని మలినాన్ని తీసుకుని తానూ అడుగంటినట్టు, జ్ఞానవృత్తి అజ్ఞానాన్ని తొలగించి తానూ లయిస్తుందని ఆ ప్రకరణం బోధిస్తుంది. మనుస్మృతి మరొక హెచ్చరిక చేసింది: చిల్లగింజ పేరు పలికినంత మాత్రాన నీరు తేరదు. గింజను అరగదీయాలి, నీటిలో కలపాలి, కదలక వేచి ఉండాలి. శ్రవణ మనన నిదిధ్యాసనలు అంటే ఇవే కదా!

నేడు ఉదయసముద్రంలోకి కృష్ణాజలాలు ఎత్తిపోతల ద్వారా చేరుతున్నాయి, పల్లెలకు నల్లాలలో నదీజలం వస్తోంది. కందూరు చోడుల నాటి సంకల్పం యంత్రాల సాయంతో మళ్లీ నెరవేరుతోంది. అయితే వంగిన ఎముకలు తిరిగి నిటారు కావు. ఛాయాసోమేశ్వరుని దర్శించిన యాత్రికుడు ఆ గ్రామాలలోని ఒక వృద్ధుని ముఖాన్ని కూడా చూసి రావాలి. నీటిని నమస్కరించి తాగడం అప్పుడు నేర్చుకుంటాడు.

ఈ ఋతువుకే ఈ నేలలో మరొక శోభ ఉంది. భాద్రపద అమావాస్యనాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలుకొని సద్దుల బతుకమ్మ వరకు, గుట్టలమీది తంగేడు, చేలలోని గునుగు అమ్మవారి రూపు దాలుస్తాయి. మంత్రం లేదు, పురోహితుడు లేడు. స్త్రీలు పూలతో దేవిని పేరుస్తారు, చుట్టూ తిరిగి పాడుతారు, చివరకు చెరువులో విడుస్తారు. నామరూపాలను ప్రేమతో కల్పించి, దుఃఖం లేకుండా విసర్జించే ఈ విద్య కంటే సులభమైన అపవాదప్రక్రియ మరొకటి కనిపించదు. శక్తి ఉన్నవారు యాత్రను దక్షిణానికి పొడిగించవచ్చు. అలంపురంలో జోగులాంబకు శరన్నవరాత్రులు, పాలమూరు సీమలో దీపావళి తరువాత కురుమూర్తి స్వామికి జాతర. ఆ జాతరలో స్వామి ఉద్దాలను, అంటే పాదుకలను, తోలుపని చేసే కుటుంబాలవారు నియమనిష్ఠలతో సిద్ధం చేస్తారు. భక్తులందరూ వాటికే తలలు వంచుతారు.

కార్తిక సోమవారాన పానగల్లుకు వెళ్లేవారు పచ్చల సోమేశ్వరాలయంలోని స్తంభాలను, గోడలపైని పురాణశిల్పాలను, పక్కనే ఉన్న పురావస్తు ప్రదర్శనశాలను సావకాశంగా చూడాలి. పిమ్మట ఛాయాసోమేశ్వరుని ఎదుట ఒక ఘడియసేపు మౌనంగా కూర్చోవాలి. కోరికల జాబితా అక్కడ అనవసరం. చెరువుగట్టున దీపం విడిచేవారు ఆకుదొప్పలోనే విడవాలి, ప్లాస్టిక్కును నీటికి అర్పించరాదు. విషం తాగి బతికిన నేలలో జలాన్ని మలినపరచడం శివాపరాధమే. నీలకంఠుడు గరళాన్ని మింగింది లోకం మళ్లీ దానిని కలపడానికి కాదు.

నీరు తేటపడినంతనే తృప్తి చెందక, కరిగి ఉన్న విషాన్ని కూడా పరీక్షించే వివేకం. నీడ కనిపించినంతనే భయపడక, దాని వెనుక ఉన్న వెలుగును గుర్తించే ధైర్యం. శరత్తులో నీలగిరి యాత్ర సాధకునికి అనుగ్రహించే ప్రసాదం ఈ రెండే. అవి లభించిన శరత్తు ఒక్కటైనా, అది నూరు శరత్తులకు సమానం.

ఇతి శివమ్.